తాళం వేసిన ఇంట్లో రెండు కుక్కలు: నా అనుభవం

ఒంగోలులో మా పక్కింటి అద్దెవాళ్లు ఇల్లు ఖాళీ చేస్తూ రెండు కుక్కలను లోపలే వదిలేశారు. రాత్రంతా మూలుగులే. ఫోన్లు, బతిమాలడాలు, వాట్సాప్ సందేశాలు అన్నీ వృథా.

పని జరిగింది ఇలా. ముందు కిటికీ సందులోంచి వీడియో తీశాను. ఎండిపోయిన సత్తు గిన్నె, దాన్ని నాకుతున్న కుక్క స్పష్టంగా పడ్డాయి. తర్వాత తెల్లకాగితం మీద ఫిర్యాదు రాశాను. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం, సెక్షన్ 11(1)(ఐ): ఆకలిదప్పులతో అలమటించేలా జంతువును వదిలేయడం నేరం. ఈ ముక్క చదివాకే కానిస్టేబుల్ కుర్చీలోంచి లేచారు. రసీదు మాత్రం అడిగి తీసుకోవాలి.

తాళం నేను ముట్టుకోలేదు. ఇంటి యజమానిని పిలిపించి పోలీసుల ఎదుటే తీయించారు. నీళ్లు కొద్దికొద్దిగా తాగించి పశువైద్యశాలకు తీసుకెళ్లాం.

అన్నిచోట్లా ఇలాగే జరుగుతుందని చెప్పలేను. మాకు యజమాని ఊళ్లోనే ఉండటం కలిసొచ్చింది.