ఇంట్లో పగడాల ట్యాంక్ – 4వ పాఠం: నైట్రేట్, ఫాస్ఫేట్

పోయిన పాఠంలో ఆల్కలినిటీని (నీటి క్షారత్వాన్ని) 8, 9 డీకేహెచ్ (దాన్ని కొలిచే ప్రమాణం) మధ్య కదలకుండా ఉంచడం నేర్చుకున్నాం. అది కుదిరాకే ఈ పాఠం మొదలుపెట్టండి.

చేపల మేత, వ్యర్థాల నుంచి నీటిలో చేరే నైట్రేట్, ఫాస్ఫేట్ రెండూ సున్నా ఉంటేనే మంచి నీరని చాలామంది నమ్మకం. ఆ సున్నా పగడాలను పస్తు పెడుతుంది. పగడం కణాల్లో కాపురం ఉండే జూజాంతెల్లే అనే సూక్ష్మ శైవలాలు వెలుతురుతో ఆహారం తయారుచేసి పగడానికి పెడతాయి. వాటికి నైట్రేట్‌లోని నత్రజని, ఫాస్ఫేట్‌లోని భాస్వరం అందకపోతే పగడం రంగు వెలిసిపోతుంది. పైగా ఇసుక మీద బుడగలతో, గోధుమ రంగు జిగురులా డైనోఫ్లాజెల్లేట్లు అనే ఏకకణ జీవులు పరుచుకోవచ్చు. ఒకసారి వచ్చాయంటే వదిలించుకోవడం చాలా కష్టం. మరీ ఎక్కువైనా చిక్కే: రాళ్ల మీద నాచు పెరుగుతుంది, పగడాలు గోధుమ రంగుకు తిరుగుతాయి, గట్టి పగడాల్లో అస్థిపంజరం పెరుగుదల మందగిస్తుంది.

మెత్తవి, గట్టివి కలిసిన ట్యాంక్‌లో నైట్రేట్ 5–10 పీపీఎం (పది లక్షల భాగాల్లో అన్ని భాగాలు), ఫాస్ఫేట్ 0.03–0.1 పీపీఎం ఉంటే చాలు.

కొలిచేటప్పుడు ఒక్క విషయం జాగ్రత్త. హన్నా చెకర్లలో (నీటిని పరీక్షించే చిన్న డిజిటల్ మీటర్లలో) కొన్ని ఫాస్ఫేట్‌ను కాకుండా భాస్వరాన్ని పీపీబీలో (పీపీఎంలో వెయ్యో వంతు) చూపిస్తాయి. దాన్ని 3.066తో హెచ్చించి 1000తో భాగించాలి. తెర మీద 25 వస్తే 25 × 3.066 = 76.65, అంటే దాదాపు 0.077 పీపీఎం. పరిధిలోనే ఉంది, ముట్టుకోకండి. నీటి నమూనా పోసే గాజు గొట్టం మీద వేలిముద్ర పడినా అంకె మారుతుంది కాబట్టి తుడిచాకే లోపల పెట్టండి.

నైట్రేట్ 40 ఉందనుకోండి. 20 శాతం నీరు మారిస్తే 32కు దిగుతుంది. ఫాస్ఫేట్ అలా కాదు. రాళ్లూ ఇసుకా దాన్ని పట్టి ఉంచుకుని, నీటిలో తగ్గగానే మళ్లీ వదులుతాయి. మర్నాటికే అంకె పెరిగిందని టెన్షన్ పడి ఫాస్ఫేట్‌ను పీల్చుకునే ఐరన్ ఆక్సైడ్ గుళికలు డబుల్ చేయకండి. ఒక్కసారిగా ఫాస్ఫేట్ లాగేస్తే పగడాల కణజాలమే ఊడిపోవచ్చు. ప్యాకెట్ మీద రాసిన మోతాదులో పావు వంతుతో మొదలుపెట్టి, వారం ఆగి, మళ్లీ కొలవండి. నా ఓటు మాత్రం స్కిమ్మర్‌కూ (నురగతో వ్యర్థాలను బయటికి లాగే పరికరం), సంప్‌లో (ట్యాంక్ కింద ఉండే రెండో తొట్టిలో) ఈ పోషకాలను తినేసే కీటో నాచు పెంచడానికే. అవి నెమ్మదిగా పనిచేస్తాయి, అదే మనకు కావాల్సింది.

అంకెలు సున్నాకు దిగితే ముందు చేపలకు మేత పెంచండి, స్కిమ్మర్ నడిచే గంటలు తగ్గించండి.

మన దేశంలో గట్టి పగడాలు వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షిత జీవులు. వాటిని ఇంట్లో పెంచడానికి కొనకండి. వాటి గురించి చెప్పేదంతా, ఫారంలో పెంచిన పగడపు ముక్కలు చట్టబద్ధంగా దొరికే దేశాల్లో ఉన్నవాళ్ల కోసం.

ఈ వారం పని: మేత వేయకముందు, ఒకే వేళకు, రోజు విడిచి రోజు రెండూ కొలిచి తేదీతో రాసుకోండి. ఏ మందూ వేయొద్దు. ఆ కాగితం చేతిలో ఉంటేనే వచ్చే పాఠంలో నైట్రేట్, ఫాస్ఫేట్ తగ్గించడానికి వేసే వెనిగర్ మోతాదు లెక్క కట్టగలం.