పెన్సిల్‌తో ప్రేమకావ్యం – 4: నీడ కంటే ముందు గీత

గత పాఠంలో వేసిన అగ్గిపెట్టె సైజు చిత్తుబొమ్మల్లో మీకు నచ్చినదాన్ని ఇవాళ అసలు సైజులో గీద్దాం. మన ఘట్టం 13వ శతాబ్దపు ఫ్రెంచ్ కావ్యం 'రోమాన్ డి లా రోజ్' లోది. కలలో ఒక యువకుడు ఎత్తైన గోడ ఉన్న తోట దగ్గరికొచ్చి చిన్న తలుపు తడతాడు. తలమీద గులాబీల దండ, చేతిలో అద్దం ఉన్న అమ్మాయి తలుపు తీస్తుంది. ఆమె పేరు తీరిక.

ఈ కావ్యపు ఇంగ్లీషు అనువాదాన్ని కూడా కలుపుకొని ఇంగ్లీషు కవి, డిజైనర్ విలియం మోరిస్ తన కెల్మ్‌స్కాట్ ప్రెస్‌లో 1896లో 14వ శతాబ్దపు ఇంగ్లీషు కవి చాసర్ రచనలు అచ్చు వేశాడు. అందులోని 87 బొమ్మలూ చిత్రకారుడు ఎడ్వర్డ్ బర్న్-జోన్స్‌వే. ఆయన పెన్సిల్ బొమ్మల్లో బూడిదరంగు ఛాయలు ఎంతో మెత్తగా ఉంటాయి. కానీ ఆ పుస్తకానికి వాడిన చెక్క అచ్చులో ఉబ్బెత్తుగా మిగిలింది నలుపు, చెక్కేసింది తెలుపు, అంతే. అందుకే ఆ బొమ్మలకు లేత ఫొటో ప్రింట్లు తీయించి, వాటి మీద రాబర్ట్ కాటర్సన్-స్మిత్ సిరాతో ఛాయలన్నిటినీ గీతలుగా మార్చాడు. ఆ తర్వాతే డబ్ల్యూ. హెచ్. హూపర్ చెక్కాడు. ఆ మధ్యలో ఉన్న మనిషి పడ్డ శ్రమ తలుచుకుంటే నాకు ఎనలేని గౌరవం. మన బొమ్మకు అలాంటి మనిషి లేడు కాబట్టి ఆ పని పెన్సిల్ దశలోనే మనమే చేసుకోవాలి.

ముందు లేతగా గీసే గట్టి 2హెచ్ పెన్సిల్‌తో చట్రం, గోడ, తలుపు తేలిగ్గా గీయండి. మనుషుల్ని ముందు బట్టల్లేని ఆకారాలుగా నిలబెట్టి, తర్వాతే బట్టలు తొడగండి.

అసలు కష్టం అమ్మాయి చేతి దగ్గరుంది. అద్దం పట్టుకోవడానికి మోచెయ్యి వంగింది. ఆమె గౌను వెడల్పాటి చేతిభాగం అక్కడినుంచి కిందికి జారుతోంది. మడతలన్నీ మోచేతి వంపులోంచే పుట్టాలి. అక్కడ దగ్గరదగ్గరగా, కిందికొచ్చేకొద్దీ దూరందూరంగా పోవాలి. మడత ఎక్కడ మొదలవుతుందో తెలియనప్పుడు గీసే మన చెయ్యి తనంతట తానే నీడ పులిమేస్తుంది. ఆ పులుముడే మనకు శత్రువు. వేలితో రుద్దడం ఈ పాఠంలో పూర్తిగా మానేయండి. నీడ కావాలంటే మడత వాలు వెంటే సన్నగీతలు వేయండి.

అయ్యాక ట్రేసింగ్ పేపర్ పరిచి నల్ల పెన్నుతో దిద్దండి. పెన్ను ఆగి తడబడిన ప్రతిచోటా కింద పెన్సిల్ గీత ఇంకా తేలలేదన్నమాట. ట్రేసింగ్ తీసేసి, ఆ చోటు మాత్రం చెరిపి మళ్లీ గీయండి. మొహాల్ని చివరికి వదిలేయండి.

వచ్చే పాఠం: గులాబీ పొద, అంచు అలంకారం.