పురావస్తు సేకరణ – 3వ పాఠం: కంచు మీది పచ్చని పొడి

వస్తువు ఎక్కడ దొరికి, ఎవరెవరి చేతులు మారి వచ్చిందో తెలిపే కాగితాల గురించి గత పాఠంలో చెప్పుకున్నాం. సాంస్కృతిక వస్తువుల అక్రమ రవాణాను అరికట్టేందుకు కుదిరిన 1970 నాటి యునెస్కో ఒప్పందానికి ముందే అయినా, తరువాతే అయినా, తాను పుట్టిన దేశాన్ని చట్టబద్ధంగా దాటిందని చూపే ఆధారం లేని వస్తువును ఎంత ముచ్చటగా ఉన్నా కొనవద్దు. ఆ పరీక్షకు నిలిచిన ఒక కంచు నాణెం మీ చేతికి వచ్చిందనుకుందాం.

మొదట చేయవలసిన పని దానిని శుభ్రం చేయకపోవడమే. శతాబ్దాలపాటు మట్టిలో ఉన్న కంచు మీద ఏర్పడే గట్టి పొరను సేకర్తలు పాటినా అంటారు. అది మురికి కాదు. లోపలి లోహం తినివేయబడినప్పుడు వస్తువు అసలు ఉపరితలం చాలాసార్లు ఆ పొరలోనే మిగిలి ఉంటుంది. తొలిరోజుల్లో నేనొక నాణేన్ని రాత్రంతా వెనిగర్‌లో నానబెట్టాను. తెల్లవారేసరికి పచ్చదనంతో పాటు అంచు వెంట ఉన్న అక్షరాలు కూడా కరిగిపోయి, గుంటలు పడిన ఎర్రని రాగి మిగిలింది. వాటిని తిరిగి తెచ్చే మార్గం లేదు. కొన్ని వస్తువుల పాటినాలో, వాటిని చుట్టి పాతిపెట్టిన బట్ట నేత సైతం పడుగూ పేకలతో సహా అచ్చుపడి ఉంటుంది. భూతద్దంలో దానిని ఒక్కసారి చూసినవారు ఇక బ్రష్షు జోలికి పోరు.

అయితే పచ్చగా కనిపించేదంతా పాటినా కాదు. పక్కనుంచి వెలుగు పడేలా దీపం పెట్టి, పది రెట్లు పెద్దదిగా చూపే భూతద్దంతో నాణేన్ని మెల్లగా తిప్పుతూ చూడండి. పాటినా ముదురు రంగులో, నునుపుగా ఉండి, పుల్లతో తాకినా రాలదు. లేత ఆకుపచ్చ చుక్కలు కనిపించి, తాకగానే పిండిలా రాలి, కింద చిన్న గుంట బయటపడితే అది కంచు వ్యాధి. పేరు వ్యాధే కానీ, అది సూక్ష్మజీవుల వల్ల వచ్చేది కాదు. మట్టిలోని ఉప్పు నుండి వచ్చిన క్లోరైడ్ పాటినా కింద రాగితో కలిసి దాగి ఉంటుంది. గాలి, తేమ తగిలినప్పుడు అది పచ్చని పొడిగా మారుతూ ఆమ్లాన్ని విడుదల చేస్తుంది. ఆ ఆమ్లం మిగిలిన రాగిని తిని మళ్లీ క్లోరైడ్‌నే పుట్టిస్తుంది. తేమ అందినంత కాలం ఈ చక్రం ఆగదు. కనుక పైపొడిని తుడిచి ఊరుకుంటే పని అయిపోయినట్లు కాదు.

దీనికి ఇంట్లో మనం చేయగల ఉత్తమ చికిత్స పొడిదనమే. మూత బిగుతుగా పట్టే పాలిథీన్ డబ్బాలో నాణేన్ని విడిగా ఉంచి, తేమను పీల్చుకునే సిలికా జెల్ గుళికలు, తేమను కొలిచే చిన్న మీటరు అందులో పెట్టండి. మీటరు చూపే సాపేక్ష ఆర్ద్రత (గాలిలోని తేమ) 35 శాతం దాటకుండా చూడాలి. గుళికల రంగు మారగానే వాటిని తీసి, తయారీదారు చెప్పిన వేడిలో ఆరబెట్టి తిరిగి వాడవచ్చు. నీలం రంగు గుళికల్లో హానికరమైన కోబాల్ట్ క్లోరైడ్ ఉంటుంది కాబట్టి నారింజ రంగువి తీసుకోవడం మేలు. బెంజోట్రయజోల్ వంటి రసాయనాలు కన్సర్వేటర్ల, అంటే పాత వస్తువులను పరిరక్షించే నిపుణుల చేతిలో బాగా పనిచేస్తాయి. కానీ అవి ఆరోగ్యానికి హాని చేసేవి గనుక మీరు ప్రయత్నించవద్దని గట్టిగా చెబుతున్నాను.

భద్రపరిచే సామగ్రి కూడా ముఖ్యమే. మెత్తని పీవీసీ కవర్ల నుండి కాలక్రమేణా ఊరే జిడ్డు నాణేలను పాడుచేస్తుంది. పాలియెస్టర్ కవర్లు వాడండి. ఓక్ చెక్క బీరువా చూడముచ్చటగా ఉన్నా, దాని నుండి వెలువడే ఆమ్లపు ఆవిరి సీసపు వస్తువులను తెల్లని పొడిగా మార్చేస్తుంది.

అభ్యాసం: మీ దగ్గరున్న ప్రతి కంచు వస్తువును రెండు వైపులా ఒకే వెలుగులో ఫోటో తీసి, గ్రాములో నూరోవంతు వరకు బరువు తూచి, లేత పచ్చ చుక్క ఎక్కడున్నదో చిన్న బొమ్మ గీసి గుర్తించండి. నాలుగు వారాల తరువాత అదే వెలుగులో మళ్లీ ఫోటో తీసి, రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడండి. చుక్క పెరిగి ఉంటే డబ్బాలో తేమ ఇంకా ఎక్కువగా ఉన్నట్లే. మట్టిపాత్రల్లోకి చేరిన లవణాల గురించి 4వ పాఠంలో తెలుసుకుందాం.