కొసోవో దేశమా, కాదా? వార్త చదివేటప్పుడు ఇలా చూడండి

ఎన్ని దేశాలు గుర్తించాయి అని గూగుల్‌లో వెతకడం ముందు మానేయండి. 2008 ఫిబ్రవరి 17న కొసోవో సెర్బియా నుంచి విడిపోయి స్వాతంత్ర్యం ప్రకటించుకున్నప్పటి నుంచీ ఆ లెక్క మీదే తగాదా. వంద పైనే అని కొసోవో రాజధాని ప్రిష్టినా అంటుంది, వాటిలో కొన్ని మాట వెనక్కి తీసుకున్నాయని సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ అంటుంది. మన దేశమైతే ఇప్పటికీ గుర్తించలేదు.

దానికి బదులు, ఏ సంస్థలో చేరాలంటే ఎవరు ఒప్పుకోవాలో చూడండి, సగం కథ అక్కడే అర్థమైపోతుంది. ఐక్యరాజ్యసమితిలోకి భద్రతా మండలి దాటే వెళ్లాలి, అక్కడ కొసోవోను గుర్తించని రష్యా, చైనాల చేతిలో వీటో ఉంది కాబట్టి బయట ఎంతమంది మద్దతిచ్చినా పని జరగదు. అంతర్జాతీయ ద్రవ్య నిధి (ఐఎంఎఫ్)లో రష్యాకు ఆ వీటో లేదు, కొసోవో 2009లోనే చేరిపోయింది. యునెస్కోలోనూ వీటో లేదు గానీ మూడింట రెండొంతుల ఓట్లు రావాలి. 2015లో 95 కావాల్సి ఉంటే 92 పడ్డాయి. మూడంటే మూడు ఓట్లు! పంచాయతీ ఎన్నికల్లో అలా ఓడినవాళ్లని అడిగితే చెబుతారు ఆ బాధేంటో.

తర్వాత పేరు పక్కన నక్షత్రం గుర్తు ఉందేమో చూడండి. 2012లో సెర్బియాతో కుదిరిన ఒప్పందం ప్రకారం ప్రాంతీయ సమావేశాల్లో 'కొసోవో*' అని రాస్తారు, కింద చిన్న అక్షరాల్లో "ఈ పేరు వాడినంత మాత్రాన హోదా తేలినట్టు కాదు" అనే అర్థంలో ఒక వాక్యం ఉంటుంది. కుర్చీ ఇస్తారు, దాని కింద చీటీ పెడతారు, అంతే.

నాకు బాగా నచ్చిన గుర్తు మాత్రం ఫోన్ కోడ్. 2016 చివర్లో +383 వచ్చేదాకా అక్కడ ల్యాండ్‌లైన్లకు సెర్బియా కోడు, మొబైళ్లకు మొనాకో, స్లొవేనియాల కోడ్లు వాడుకున్నారు. పక్క వీధిలో ఉన్నవాడికి కాల్ చేయాలన్నా అరువు నంబరే!

ఆటలు చూడటం మర్చిపోకండి. 2014లో ఒలింపిక్ కమిటీ, 2016లో ఫిఫా చేర్చుకున్నాయి, ఆ ఏడాదే రియోలో జూడోలో మైలిండా కెల్మెండి స్వర్ణం గెలిచింది. కానీ 2018లో ఢిల్లీలో మహిళల ప్రపంచ బాక్సింగ్ జరిగితే కొసోవో బాక్సర్‌కు మన వీసా దొరకలేదు.

ఎప్పుడైనా అటు టూర్ వేస్తే వీసాల సంగతి ముందే కనుక్కోండి, సెర్బియా, కొసోవో రెండూ చూడాలంటే సెర్బియాలోకి ముందు వెళ్లి అక్కడి నుంచి కొసోవోకి పోండి. విమానంలో నేరుగా ప్రిష్టినాలో దిగి తర్వాత సెర్బియా సరిహద్దుకి వెళ్తే వెనక్కి పంపేయొచ్చు, ఎందుకంటే కొసోవో తమదేననే సెర్బియా లెక్కలో మీరు ఎంట్రీ స్టాంపు లేకుండా సెర్బియాలోకి చొరబడ్డట్టే.