కరెంటు షాక్ కొట్టినవాళ్లని ఎలా చూసుకోవాలి? "నాకేం కాలేదు" అన్నా సరే

ముందు మెయిన్ ఆపండి. గోడమీది స్విచ్ నొక్కి ఊరుకోకండి. వైరింగ్ తేడాగా ఉంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా ఫేజ్, అంటే కరెంటు, అక్కడే ఉంటుంది. కర్రతో నెట్టమని అందరూ చెబుతారు కానీ, నా దగ్గర అది ఆఖరి మార్గం. ఎండిందనుకున్న కర్ర లోపల తడిగా ఉండొచ్చు, ఆ కంగారులో కాళ్లకింద నీళ్లున్నాయో లేదో ఎవరూ చూసుకోరు. మెయిన్ అందకపోతేనే కర్ర, అదీ ఇంటి కరెంటుకే. తెగిపడ్డ హైటెన్షన్ తీగకైతే కనీసం 10 మీటర్ల దూరంలో ఆగిపోండి. లైన్ ఆపామని కరెంటువాళ్లు చెప్పేదాకా అడుగు ముందుకెయ్యొద్దు.

ఊపిరి లేకపోతే అంబులెన్స్‌కి ఫోన్ చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుంచి 120 సార్లు, 5-6 సెంటీమీటర్ల లోతుకు నొక్కుతూ ఉండండి. సరఫరా ఆగాక ముట్టుకోవచ్చు, ఒంట్లో కరెంటు నిల్వ ఉండదు. పైనుంచి పడ్డవాళ్ల మెడ కదపొద్దు. కాలినచోట 20 నిమిషాలు కుళాయి నీళ్లు పోయండి. ఐసు, పేస్టు వద్దు. వాపు రాకముందే ఉంగరాలు, వాచీ తీసేయండి.

ఇక అందరూ పాడుచేసేది ఇక్కడే. మనిషి లేచి కూర్చుంటాడు, "నాకేం కాలేదు" అంటాడు, పనిలోకి పంపేస్తారు.

1000 వోల్టులు దాటిన షాక్‌లో, అంటే హై వోల్టేజ్‌లో, చర్మం చెప్పేది నమ్మకండి. అరచేతిలో బూడిదరంగు మచ్చ ఒకటి, మధ్యలో గుంట. సూది గుచ్చినా తెలియదు, ఎందుకంటే అక్కడి నరాలూ కాలిపోయి ఉంటాయి. నొప్పి లేదని సంతోషపడతారు. లోపల మాత్రం ఎముక బాగా వేడెక్కి, దాన్ని ఆనుకున్న కండరం ఉడికిపోయి ఉంటుంది. ఆ చచ్చిన కండరంలోంచి మయోగ్లోబిన్ అనే ప్రోటీన్ రక్తంలోకి చేరి కిడ్నీలను దెబ్బతీస్తుంది. అందుకే మొదటిసారి వచ్చిన మూత్రం తప్పకుండా చూడాలి. టీ డికాక్షన్ రంగులో ఉంటే ఇంట్లో నీళ్లు తాగిస్తూ కూర్చోవద్దు, ఆసుపత్రిలో సెలైన్ గట్టిగా ఎక్కించాలి. రంగు మామూలుగా ఉన్నా హై వోల్టేజ్ అయితే వెళ్లాల్సిందే.

చెయ్యో కాలో బిగుసుకుపోవడం కూడా గమనించండి. వేళ్లను మెల్లగా చాపితే ప్రాణం పోయేంత నొప్పి పుట్టిందంటే లోపల ఒత్తిడి పెరుగుతున్నట్టే. నాడి అందుతోంది కదా అని ఆగితే చెయ్యి దక్కకపోవచ్చు. నాడి పోయేది చివర్లో. డాక్టర్లు చర్మాన్ని, లోపలి పొరను నిలువునా కోసి ఆ ఒత్తిడి తగ్గిస్తారు. ఇందులో గంటలే లెక్క.

ఇంటి 230 వోల్టుల షాక్‌లో భయం గుండె గురించి. ఆ కరెంటుకి పిడికిలి బిగుసుకుపోయి తీగను వదలలేకపోతారు, అందుకే షాక్ ఎక్కువసేపు తగులుతుంది. కానీ స్పృహ తప్పకుండా, ఛాతీనొప్పి, దడ, కాలిన గాయం లేకుండా ఉండి, ఈసీజీ మామూలుగా వస్తే సాధారణంగా ఇంటికి పంపేస్తారు. రాత్రి నిద్రలో గుండె ఆగిపోతుందేమోనన్న టెన్షన్ అక్కర్లేదు. ఈసీజీ తీయించకుండా ధైర్యం చెప్పేవాళ్లంటేనే నాకు ఒళ్లుమంట. గర్భిణికైతే తనకు బాగానే ఉన్నా బిడ్డను కూడా చూపించాలి.

వెళ్లేముందు ఎన్ని వోల్టులు, ఎన్నింటికి, ఎక్కడ తగిలింది, పడ్డారా, స్పృహ తప్పారా అన్నవి చేతిమీదే బాల్‌పెన్‌తో రాయండి. కాగితం వద్దు, అది క్యాజువాల్టీ గుమ్మంలోనే పోతుంది. చెయ్యి బయటివైపు తిరగకపోతే అది కూడా రాయండి. షాక్‌కి భుజం కీలు వెనక్కి తప్పుతుంది, మామూలు ఎక్స్‌రేలో ఇది కనపడకపోవచ్చు.

వైరు కొరికిన పిల్లల పెదవి కొసన పొక్కు కడుతుంది. అది ఊడేది 5 నుంచి 14 రోజుల మధ్య. అప్పుడు పెదవిలోని ధమని తెగి రక్తం చిమ్మొచ్చు. చిమ్మితే పెదవిని రెండువేళ్ల మధ్య గట్టిగా నొక్కిపట్టి, వదలకుండా అలాగే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

తల, మెడ దగ్గర హై వోల్టేజ్ తగిలినవాళ్లకి నెలల తర్వాత కూడా కంటిలో శుక్లం రావచ్చు. గాయం మానిపోయినా కంటి డాక్టర్ దగ్గరికి వెళ్లడం మానొద్దు.