ఘాట్‌లో టెంపరేచర్ ముల్లు లేస్తోందా? బాటిల్ కాదు, మూత చూడండి

తిరుపతిలో పొద్దున్నే బయల్దేరి చంద్రగిరి కోట చూసుకుని, భాకరాపేట ఘాట్ మీదుగా తలకోనకో, మదనపల్లె దాటి హార్సిలీహిల్స్‌కో కార్లో పోయే కుటుంబాలు సెలవుల్లో ఎక్కువ. బానెట్ ఎత్తి రోడ్డు పక్కన నిలబడే కార్లూ అప్పుడే ఎక్కువ. మెకానిక్‌కి ఫోన్ చేసిన ప్రతివాళ్లూ ఒకటే మాట చెబుతారు: "నీళ్లు ఫుల్‌గానే ఉన్నాయండీ." చూసింది పక్కనున్న ప్లాస్టిక్ బాటిల్లో. రేడియేటర్ మూత తీసి చూసినవాళ్లు అరుదు. టైర్ల కింద నిమ్మకాయలు పెట్టడం మాత్రం ఎవరూ మరిచిపోరు.

చదునులో బాగుంది, ఘాట్ ఎక్కితే ముల్లు లేస్తోంది

ముందు అనుమానించాల్సింది రేడియేటర్ మూతనే. దాన్ని ఉత్త బిరడా అనుకుంటారు గానీ, అందులో రెండు వాల్వులుంటాయి. ఒకటి లోపలి ప్రెషర్‌ని పట్టి ఉంచుతుంది. మూత మీద 0.9 అనో 1.1 అనో రాసుండేది ఆ ప్రెషర్ లెక్కే. దానివల్లే కూలెంట్, అంటే ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, 100 డిగ్రీలు దాటినా మరగదు. స్ప్రింగు వదులైతే ఆ ప్రెషర్ నిలవదు, నీళ్లు త్వరగా మరుగుతాయి. హార్సిలీహిల్స్ సుమారు 1,265 మీటర్ల ఎత్తు. అక్కడ మామూలు నీళ్లు 96 డిగ్రీల దగ్గరే మరుగుతాయి. ఇంజిన్‌కి బరువు పడేదీ ఆ ఎక్కుడులోనే.

తిప్పలు పెట్టేది రెండో వాల్వు. ఇంజిన్ వేడెక్కినప్పుడు పొంగిన కూలెంట్ బాటిల్లోకి పోతుంది. చల్లారాక దాన్ని మళ్లీ రేడియేటర్లోకి లాక్కోవాలి. ఈ వాల్వు ఇరుక్కున్నా, మూత రబ్బరు ఎండి పగిలినా, బాటిల్‌కి వెళ్లే సన్నటి పైపు చీలినా పోయింది వెనక్కి రాదు. బాటిల్ నిండుగా కనిపిస్తుంది, రేడియేటర్ రోజురోజుకీ ఖాళీ అవుతుంది. నేల మీద చుక్క కారదు కాబట్టి లీకని ఎవరికీ తోచదు. ఊళ్లో తిరిగినన్నాళ్లూ ఆ కొద్ది నీళ్లతోనే నడిచిపోతుంది. ఈ మూతను వదిలేసి థర్మోస్టాట్ (వేడిని బట్టి కూలెంట్ దారి తెరిచి మూసేది), వాటర్ పంప్ మార్పించుకుని, అదే జబ్బుతో మళ్లీ వచ్చే కార్లు బోలెడు.

పరీక్ష తేలిక. రాత్రంతా ఆగిన బండికి, పొద్దున స్టార్ట్ చేయకముందే మూత తీయండి. నీళ్లు మెడ దాకా ఉండాలి. బాటిల్ నిండుగా ఉండి రేడియేటర్‌లో వెలితి ఉంటే దొంగ దాదాపు దొరికినట్టే. చల్లగా ఉన్నప్పుడు పై హోస్ పైపు చప్పిడిగా నొక్కుకుపోయి ఉన్నా అదే గుర్తు.

మూతను బాగుచేయడాలు పెట్టుకోవద్దు. అదే నంబరు ఉన్న కొత్తది వేయండి. 0.9 చోట 1.1 బిగిస్తే పాత పైపులు తట్టుకోకపోవచ్చు. సన్నటి పైపు చీలితే అదీ మార్చాలి. మూత తీసి కూలెంట్ నింపి, హీటర్ ఆన్‌లో పెట్టి, బుడగలు ఆగేదాకా ఇంజిన్ నడపండి. మూత బిగించి, మర్నాడు చల్లారాక ఇంకోసారి చూడండి. కొన్ని కార్లలో రేడియేటర్‌కి మూతే ఉండదు, ప్రెషర్ పట్టేది బాటిల్ మూత. వాటిలో బాటిల్ లెవెల్‌ని నమ్మొచ్చు, మూతను మాత్రం వదలొద్దు.

ఘాట్‌లోనే ముల్లు లేస్తే ఏసీ ఆపి, హీటర్ ఫుల్‌గా పెట్టి, మలుపు లేని చోట పక్కకి తీయండి. ఆవిరి వస్తుంటే ఇంజిన్ ఆపేయండి. పైకి లేచిన ముల్లు ఉన్నట్టుండి కిందికి పడిపోతే చల్లారిందని సంతోషపడకండి. సెన్సార్ దగ్గర నీళ్లే లేకపోతే అలా పడుతుంది. పిల్లల్ని అడవిలోకి దిగనివ్వొద్దు. వేడి మీద మూత తిప్పితే మరిగే నీళ్లు మొహం మీదికి చిమ్ముతాయి. చంద్రగిరిలో రాజమహల్ చూసొచ్చేసరికి చల్లారిపోయి ఉంటుందిలే అనే లెక్క మే ఎండల్లో పనికిరాదు. పై పైపు నొక్కితే మెత్తగా ఉండాలి, అప్పుడే గుడ్డ వేసి తీయండి. కాలే ఇంజిన్‌లో చన్నీళ్లు గుమ్మరిస్తే హెడ్డు (ఇంజిన్ పైభాగం) పగలొచ్చు. గత్యంతరం లేక బోరు నీళ్లు పోస్తే ఇంటికొచ్చాక కడిగించి కూలెంట్ వేయించండి, లేకపోతే లోపల ఉప్పు పేరుకుంటుంది.

హైవేలో బాగుంది, అలిపిరి చెకింగ్ క్యూలో లేస్తోంది

ఇది రేడియేటర్ ఫ్యాన్ పని. ఏసీ వేసి ఫ్యాన్ తిరుగుతోందేమో చూడండి. తిరగకపోతే ముందు ఫ్యూజు, తర్వాత రిలే (ఫ్యాన్‌కి కరెంటు ఇచ్చే స్విచ్), ఆ తర్వాతే మోటార్ చూడండి.

దిగేటప్పుడు కాలిన వాసన, పెడల్ మెత్తబడుతోంది

బ్రేకులు వేడెక్కాయి. బండిలో లోపం వెతకక్కర్లేదు, నడిపే తీరు మారాలి. తిరుమల నుంచి దిగేటప్పుడు సెకండ్ గేరులో ఇంజిన్‌తో ఆపుకుంటూ రండి. న్యూట్రల్ ఊసే వద్దు. వాసన వచ్చిందంటే పక్కన ఆగి చల్లారనివ్వండి, నీళ్లు కొట్టొద్దు.

మిగతావి

ఆయిల్ పాలకాఫీ రంగుకి తిరిగి, సైలెన్సర్‌లోంచి తెల్లపొగ ఆగకుండా వస్తుంటే హెడ్ గ్యాస్కెట్ (హెడ్డు కింద ఉండే సీలు) పోయినట్టు. అరుదు, రోడ్డు మీద అయ్యే పని కాదు, బండిని లాగించుకు రావాల్సిందే. థర్మోస్టాట్, వాటర్ పంప్ పోవడమూ ఉంటుంది గానీ, మూత మార్చి ఒకసారి ఘాట్ ఎక్కి చూశాకే వాటి జోలికి వెళ్లండి.