జూన్‌లో పిల్లలు చేరకముందే: హాస్టల్, లాడ్జి యజమానులు చూసుకోవాల్సిన జాగ్రత్తలు

జూన్ వచ్చేసరికి నెల్లూరులో మాగుంట లేఔట్, హరనాథపురం, ధనలక్ష్మీపురం వైపు, ఒంగోలులో లాయర్‌పేట, మంగమూరు రోడ్డు వైపు హాస్టళ్ల ముందు ఆటోలు ఆగుతాయి. పెట్టె, బకెట్టు, పరుపు దింపి, అమ్మాయిని వార్డెన్‌కి అప్పజెప్పి తల్లిదండ్రులు ఊరికి బస్సెక్కుతారు. ఆ క్షణం నుంచి ఆ పిల్ల పడుకునే గది తలుపు ఎంత గట్టిదో, మెట్ల దగ్గర దీపం వెలుగుతుందో లేదో మీ చేతిలోని సంగతి. మే నెలలో రంగులు, మోటారు, మరుగుదొడ్ల మరమ్మతులు అందరూ చేయిస్తారు. బయటివాడు లోపలికి ఎలా రాగలడన్నది మాత్రం ఏదైనా జరిగాకే చూస్తారు. మే చివరి 2 వారాలు దీనికి సరిపోతాయి.

"దాడి చేసినవాడు ఎవడో అయితే నన్నెందుకు అడుగుతారు?" అని చాలామంది యజమానుల అనుమానం. నేరానికి శిక్ష చేసినవాడికే. కానీ ఆ నేరం జరగడానికి వీలిచ్చిన నిర్లక్ష్యానికి నష్టపరిహారం అడిగితే, కోర్టు యజమాని వైపు చూస్తుంది. అమెరికాలో దీన్ని తేల్చిన కేసుల్లో 1970 నాటిది ముఖ్యం. వాషింగ్టన్‌లో ఒక అపార్ట్‌మెంట్‌లో 1959లో ఒకామె అద్దెకు దిగినప్పుడు ద్వారం దగ్గర 24 గంటలూ కాపలా ఉండేది. 1966 నాటికి కాపలా తీసేశారు. నడవాల్లో దొంగతనాలు, దాడులు పెరుగుతున్నాయని యజమానికి తెలుసు. ఆమె మీద దాడి జరిగింది. ఉమ్మడి నడవాకి కాపలా పెట్టగలిగింది అద్దెకున్నవాళ్లు కాదు, యజమాని ఒక్కడే కాబట్టి బాధ్యత అతనిదేనని అపీలు కోర్టు చెప్పింది.

మన దగ్గర దీనికోసమే రాసిన ప్రత్యేక చట్టం లేదు. అయినా దారులున్నాయి. నిర్లక్ష్యం వల్ల జరిగిన నష్టానికి సివిల్ దావా వేయొచ్చు. డబ్బు తీసుకుని గది, భోజనం, కాపలా ఇస్తామన్న హాస్టలో లాడ్జో ఆ మాట నిలబెట్టుకోకపోతే, 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద సేవా లోపంగా 2 ఏళ్లలోపు ఫిర్యాదు చేయొచ్చు. నష్టపోయినవారు తాము నివసించే జిల్లాలోనే ఫిర్యాదు వేసే వీలుంది. అంటే కడప అమ్మాయికి నెల్లూరులో అన్యాయం జరిగితే కడప జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్లొచ్చు. జనం చేరే చోటు నడిపేవాడి బాధ్యత ఎంతదూరం వెళ్తుందో ఢిల్లీ ఉపహార్ సినిమా హాలు కేసులో చూశాం. 1997 అగ్నిప్రమాదంలో 59 మంది చనిపోతే, 2011లో సుప్రీంకోర్టు పరిహారంలో 85 శాతం హాలు యాజమాన్యం మీద, 15 శాతం విద్యుత్ బోర్డు మీద పెట్టింది. అది దాడి కేసు కాదు. కానీ టిక్కెట్టు కొని లోపలికొచ్చిన మనిషి క్షేమం నడిపేవాడిదేనన్న సూత్రం అక్కడ స్పష్టంగా ఉంది.

ఇలాంటి కేసులన్నిట్లో తిరిగి తిరిగి వచ్చే ప్రశ్న ఒకటే: ఇలా జరగొచ్చని మీకు ముందే తెలిసే అవకాశం ఉందా, తెలిశాక మీరేం చేశారు? ఈ జాగ్రత్తలన్నీ ఆ ప్రశ్న చుట్టూ తిరిగేవే.

చీకటిపడ్డాక చుట్టి రండి

పగలు చూస్తే ఏ భవనమైనా బాగానే ఉంటుంది. రాత్రి 9 దాటాక ఒకసారి, తెల్లవారుజామున 5 గంటలకి ఒకసారి వెళ్లండి. ముందు రోడ్డు మీద నిలబడి, లోపలికి రావాలనుకునేవాడి కళ్లతో చూడండి. పక్కన కడుతున్న భవనం పరంజా మీ సన్‌షేడ్‌కి ఎంత దూరం? ప్రహరీ పక్కన ఇసుక కుప్పో ఇటుకలో ఉన్నాయా? ఏసీ బయటి పెట్టె పెట్టిన ఇనుప స్టాండు, నీళ్ల గొట్టాలు, ట్యాంకు నిచ్చెన కాలు పెట్టడానికి పనికొస్తాయా? మన ఊళ్లలో ఇళ్లు గోడకు గోడ ఆనుకుని ఉంటాయి కాబట్టి పక్కింటి డాబా మీంచి మీ డాబాకి దాటడం చాలాచోట్ల తేలిక. అందుకే గేటు కంటే డాబా తలుపే ముందు చూడాలి. పల్చటి రేకు తలుపు, తుప్పుపట్టిన గడియ ఉంటే మార్చండి.

అక్కడే ఒక పెద్ద తప్పు జరుగుతుంది. భద్రత పేరుతో డాబా తలుపుకి, మెట్ల గ్రిల్లుకి రాత్రి తాళం కప్ప వేసి తాళంచెవి వార్డెన్ దగ్గర పెట్టుకుంటారు. వంటగదిలో గ్యాస్ అంటుకుంటే, కరెంటు బోర్డు కాలితే, ఆ తాళమే అందరి ప్రాణం తీస్తుంది. బయటి నుంచి తాళంచెవి లేనిదే తెరుచుకోకుండా, లోపలి నుంచి అడ్డకడ్డీ నొక్కగానే తెరుచుకునే పుష్ బార్ తలుపు పెట్టాలి. తెరిస్తే మోగేలా చిన్న సైరన్ తగిలిస్తే సరిపోతుంది. బయటివాడు రాలేడు, లోపలివాళ్లు చిక్కుకోరు. ఖర్చు ఎక్కువని ఇది మానేయకండి.

దీపాల సంగతికి సులువైన పరీక్ష ఉంది. గేటు, మెట్లు, బండ్లు పెట్టే చోటు, వెనక సందు, ఒక్కోచోట 10 అడుగుల దూరంలో ఒక మనిషిని నిలబెట్టండి. ముఖం గుర్తుపట్టలేకపోతే అక్కడ వెలుతురు చాలదు. కళ్లలో కొట్టే ఒక పెద్ద ఫ్లడ్‌లైటు కంటే, నీడ పడకుండా నాలుగు చిన్న దీపాలు మేలు. సాయంత్రం ఆన్ చేయడం మనిషికి వదిలేస్తే ఏదో ఒకరోజు మర్చిపోతారు. వెలుతురుని బట్టి తనంతట వెలిగే సెన్సర్ పెట్టించండి. మనకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుఫాన్ల కాలం, గంటల తరబడి కరెంటు ఉండదు. గేటు దీపం, మెట్ల దీపాలు, కెమెరాల పెట్టె ఇన్వర్టర్ లైను మీద ఉన్నాయో లేదో మెయిన్ ఆపేసి చూడండి. మైపాడు, కొత్తపట్నం లాంటి తీరం ఊళ్లలో ఉప్పుగాలికి గేటు బందులు, కెమెరా బిగింపులు త్వరగా తుప్పుపడతాయి. అక్కడ ఏడాదికి రెండుసార్లు చూసుకోవాలి.

గది తలుపులు

ఎక్కువ హాస్టళ్లలో గది తలుపుకి బయట గొళ్లెం, లోపల ఒక చిన్న టవర్ బోల్టు ఉంటాయి. ఇందులో రెండు ప్రమాదాలు. బయటి గొళ్లెం ఉంటే వచ్చినవాడు మిగతా గదులన్నీ బయటినుంచి బిగించేస్తాడు, కేకలు విన్నా ఎవరూ రాలేరు. లోపలి టవర్ బోల్టుని అంగుళం స్క్రూలతో బిగిస్తారు కాబట్టి భుజంతో గట్టిగా రెండుసార్లు నెడితే ఊడిపోతుంది. బయటి గొళ్లేలు తీసేసి, తలుపులోకే అమర్చే తాళం పెట్టించండి. అది లోపలి నుంచి చెవి లేకుండా తిప్పితే తెరుచుకునేదై ఉండాలి. ద్వారబంధంలోకి దిగే రేకుకి కనీసం రెండున్నర అంగుళాల స్క్రూలు వాడండి. ఎక్కడైనా గొళ్లెం తప్పనిసరైతే, స్క్రూలకు బదులు బోల్టు దూర్చి లోపలివైపు నట్టు బిగించాలి. తలుపుకి చూపుకన్ను, గొలుసు పెట్టడం పెద్ద ఖర్చు కాదు.

గది ఖాళీ చేసినవాళ్లు తాళంచెవికి నకలు చేయించుకున్నారో లేదో మీకు తెలియదు. కాబట్టి మనుషులు మారినప్పుడల్లా తాళం లోపలి సిలిండర్ మార్చాలి, లేదా గదుల మధ్య తాళాలు మార్చుకోవాలి. మాస్టర్ తాళంచెవి ఒక్కరి దగ్గరే, సంతకం పెట్టి తీసుకునేలా ఉండాలి.

స్నానాల గదుల వెంటిలేటర్లు మర్చిపోవద్దు. ఒకటి రెండు అద్దాలు ఊడిపోయిన వెంటిలేటర్‌లోంచి ఫోన్ పెట్టి వీడియో తీసిన ఘటనలు అందరం వింటున్నాం. అద్దాలు వేయించి, బయటివైపు గట్టి జాలీ బిగించండి. వెనక సందులోకి ఎవరూ వెళ్లకుండా చిన్న గేటు పెట్టండి.

కెమెరాలు: ఎన్ని ఉన్నాయన్నది కాదు, రికార్డింగ్ ఎన్ని రోజులు నిలుస్తుందన్నది

ఆంధ్రప్రదేశ్ ప్రజా భద్రతా చర్యల అమలు చట్టం 2013లో వచ్చింది. ఒకేసారి 100 మంది గానీ, రోజుకు 500 మంది గానీ చేరే సంస్థలు సీసీ కెమెరాలు పెట్టి, రికార్డింగ్ 30 రోజులు దాచాలి. మీ హాస్టల్లో 60 మందే ఉన్నా ఆ 30 రోజుల లెక్కే పాటించండి. భయపడిన అమ్మాయి నోరువిప్పడానికి వారం, పది రోజులు పట్టొచ్చు.

లెక్క ఇలా ఉంటుంది. ఒక 2 మెగాపిక్సెల్ కెమెరా సెకనుకి 2 మెగాబిట్ల చొప్పున రికార్డు చేస్తే రోజుకి సుమారు 21.6 జీబీ. 8 కెమెరాలకి 30 రోజులకి 5.2 టీబీ దాకా కావాలి, అంటే 6 టీబీ డిస్క్. బిగించేవాళ్లు ధర తగ్గించడానికి పెట్టే 1 టీబీ డిస్క్‌లో ఇది 6 రోజులు కూడా నిలవదు. ఇవాళే రికార్డర్ తెరిచి, అన్నిటికంటే పాత దృశ్యం ఏ తేదీదో చూడండి. గడియారం సరైన సమయం చూపుతుందో కూడా చూడండి, 40 నిమిషాలు తేడా ఉన్న రికార్డింగ్ కోర్టులో మీకే చిక్కు.

గేటు దగ్గర కెమెరాని 7, 8 అడుగుల ఎత్తులో పెట్టాలి. రెండో అంతస్తులో పెడితే నెత్తులు తప్ప ముఖాలు కనపడవు. గేటు, మెట్లు, ప్రతి అంతస్తు నడవా మొదలు, డాబా తలుపు, వెనక సందు చాలు. గదుల్లో, స్నానాల గదుల దగ్గర, బట్టలు ఆరేసుకునే చోట పెట్టకూడదు. రికార్డర్‌ని రిసెప్షన్ బల్ల కింద కాకుండా తాళం వేసిన అల్మరాలో ఉంచండి. కంపెనీ ఇచ్చిన పాస్‌వర్డ్ మొదటిరోజే మార్చండి.

కాపలా, సిబ్బంది

రాత్రీ పగలూ ఒక్కడే ఉండే వాచ్‌మన్ నిద్రపోతాడు, అది అతని తప్పు కాదు. 12 గంటల చొప్పున ఇద్దరు కావాలి, వీలైతే ముగ్గురు. మోటారు వేయడం, పాల ప్యాకెట్లు తేవడం అతని పనిలో కలిపితే ఆ సమయంలో గేటు ఖాళీ అన్నట్టే. ఏజెన్సీ ద్వారా తీసుకుంటే, 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద లైసెన్సు ఉందో లేదో అడిగి కాపీ పెట్టుకోండి. కేంద్రం నమూనా నిబంధనల ప్రకారం గార్డుకి 100 గంటల తరగతి శిక్షణ, 60 గంటల క్షేత్ర శిక్షణ ఉండాలి. నేరుగా పెట్టుకున్న వాచ్‌మన్‌కి, వంటమనిషికి, వార్డెన్‌కి పోలీసు వెరిఫికేషన్ చేయించండి. బయటివాడికి ఎన్ని తాళాలు వేసినా, చెవి చేతిలో ఉన్నవాడి గురించి తెలుసుకోకపోతే ఫలితం లేదు.

ప్లంబరు, నీళ్ల టిన్ను కుర్రాడు, ఇంటర్నెట్ మనిషి పై అంతస్తులకి వెళ్తే వార్డెన్ వెంట ఉండాలి. భోజనం పార్సిళ్లు గేటు దగ్గరే ఆగాలి. లాడ్జి అయితే కౌంటర్‌లో గది నంబరు పైకి చదవొద్దు, ఎవరో అడిగారని దిగినవాళ్ల వివరాలు చెప్పొద్దు, గుర్తింపు చూడకుండా రెండో తాళంచెవి ఇవ్వొద్దు. మొహర్రంలో రొట్టెల పండుగకు నెల్లూరు దర్గామిట్ట చుట్టూ లాడ్జీలు, ఇళ్ల ముందుగదులు కూడా నిండిపోతాయి. ఆ 5 రోజులకి అదనంగా మనిషిని పెట్టుకోండి. ఒకే గదిలో పరిచయం లేని కుటుంబాలను సర్దొద్దు.

ఫిర్యాదుల పుస్తకం

అన్నిటికంటే మిమ్మల్ని కాపాడేదీ, ముంచేదీ ఇదే. "బయట ఎవరో రోజూ నిలబడుతున్నాడు", "మూడో అంతస్తు దీపం వెలగట్లేదు", "వంటమనిషి చూపు బాగాలేదు" అని అమ్మాయిలు చెబుతారు. వార్డెన్ తల ఊపి మర్చిపోతుంది. తర్వాత ఏదైనా జరిగితే వాట్సాప్‌లో పంపిన ఆ సందేశమే "యజమానికి ముందే తెలుసు" అనడానికి సాక్ష్యం. తేదీ, చెప్పినవారు, ఏం చేశారు, ఎప్పుడు చేశారు అని నాలుగు గళ్ల పుస్తకం పెట్టండి. దీపం, తాళం లాంటివి 24 గంటల్లో చేయించండి. మనిషి గురించి ఫిర్యాదు వస్తే అదేరోజు అతన్ని ఆ పని నుంచి తప్పించి విచారించండి. ఫిర్యాదు రాకుండా పుస్తకం దాచేయడం తెలివి కాదు. చెప్పిన పిల్లని బెదిరించడం అంతకంటే ఘోరం.

"జరిగే నష్టానికి యాజమాన్యం బాధ్యత వహించదు" అన్న బోర్డు మీద ఆశ పెట్టుకోవద్దు. ఢిల్లీ తాజ్ మహల్ హోటల్లో పార్కింగ్‌కి ఇచ్చిన కారు పోయిన కేసులో, వాహనం సొంతదారుడి బాధ్యతే అని చీటీ మీద ఉన్నా హోటల్ తన నిర్లక్ష్యం నుంచి తప్పించుకోలేదని సుప్రీంకోర్టు 2019లో చెప్పింది.

భవనం మీది, హాస్టల్ నడిపేది వేరొకరు అయితే అద్దె కాగితంలోనే పంచుకోండి. ప్రహరీ, గేటు, మెట్ల దీపాలు, డాబా తలుపు మీవి. కాపలా, రిజిస్టర్లు, గది తాళాలు వాళ్లవి. బాధితురాలి లాయరు ఇద్దరినీ ప్రతివాదులుగా చేరుస్తారు. అప్పుడు "అది మీ పని" అని ఒకరినొకరు తోసుకుంటే ఇద్దరూ నష్టపోతారు. పబ్లిక్ లయబిలిటీ బీమా ఉంటే మినహాయింపుల పేజీ చదవండి, దాడుల వల్ల కలిగే నష్టం అందులో మినహాయించి ఉండొచ్చు. దాడుల నష్టం వర్తిస్తుందో లేదో ఏజెంటుని రాతపూర్వకంగా అడగండి.

జరగకూడనిది జరిగితే

ముందు ఆమె. నమ్మకమైన ఆడమనిషిని పక్కన ఉంచి 112కి ఫోన్ చేయండి, మహిళా సహాయవాణి 181 కూడా ఉంది. లైంగిక దాడి బాధితులకు ప్రభుత్వ, ప్రైవేటు ఆసుపత్రులన్నీ వెంటనే ఉచితంగా చికిత్స చేయాలని భారతీయ నాగరిక్ సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 397వ సెక్షన్ చెబుతోంది. ఘటన తమ పరిధిలోది కాకపోయినా పోలీసు స్టేషన్‌లో జీరో ఎఫ్‌ఐఆర్ (పరిధితో పని లేకుండా రాసుకునే ఎఫ్‌ఐఆర్) నమోదు చేయాలి. బాధితురాలు 18 ఏళ్ల లోపు అయితే, ఇంటర్ పిల్లల్లో ఎక్కువమంది అంతే కదా, పోక్సో చట్టం (పిల్లలపై లైంగిక నేరాల చట్టం) 19వ సెక్షన్ ప్రకారం పోలీసులకు చెప్పడం తప్పనిసరి. మీ కింద పనిచేసేవాడే నిందితుడై, సంస్థ బాధ్యులుగా మీరు చెప్పకపోతే ఏడాది వరకు జైలు. "పరువు పోతుంది, లోపలే సర్దుకుందాం" అనడానికి చట్టంలో చోటు లేదు.

ఆ గది కడగొద్దు, దుప్పట్లు తీయొద్దు, తాళం వేసి పోలీసులకు అప్పగించండి. రికార్డింగ్ తనంతట చెరిగిపోకముందే రెండు కాపీలు తీయించండి. కోర్టుకి ఇవ్వాలంటే 2023 భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం కావాలి, అసలు డిస్క్ పోలీసులు తీసుకుంటే రసీదు అడగండి. నేరస్తుణ్ని కాపాడాలని కావాలని చెరిపేస్తే సాక్ష్యం మాయం చేసిన నేరం మీ మీద పడుతుంది. ఆమె పేరు, గది నంబరు ఏ గ్రూపులోనూ రాయొద్దు. కొన్ని నేరాల్లో బాధితుల గుర్తింపు బయటపెట్టడం భారతీయ న్యాయ సంహిత (పాత ఐపీసీ స్థానంలో వచ్చిన చట్టం) 72వ సెక్షన్ కింద శిక్షార్హం. ఆమెని ఖాళీ చేయమనొద్దు, అడ్వాన్సు పట్టుకోవద్దు. విరిగిన తలుపుని, ఆరిన దీపాన్ని ముందు ఫొటో తీసి, పోలీసులు చూశాక ఆరోజే బాగుచేయించండి. పక్క గదుల్లో ఇంకా పిల్లలున్నారు.